నాలుగంగుళాల వెలుతురు

మంగళవారం, ఏడో తేదీ

చిరంజీవి చెల్లికి,

అక్క దీవెనలు. అందరం క్షేమం అని మొదటి వాక్యంలో రాయడం పద్ధతి కాబట్టి రాస్తున్నాను. అమ్మ మోకాళ్లు, మీ బావ నోరు, నా నిద్ర, ఈ మూడూ తప్ప మిగతావన్నీ ఇక్కడ క్షేమమే. నువ్వూ నీ ఇంట్లోవాళ్లూ బాగున్నారని తలుస్తాను.

ఈ రోజుల్లో ఉత్తరమేమిటి, ఫోను లేదా అనుకుంటావు. ఫోను చేస్తే బాగున్నావా, బాగున్నాను, ఉంటాను అని మూడు ముక్కల్లో పెట్టేస్తావు. ఆరేళ్లుగా మనిద్దరం మాట్లాడుకున్న మాటలన్నీ కలిపినా ఒక కార్డు నిండదు. ఉత్తరమైతే మధ్యలో పెట్టేయలేవు కదా, అందుకని కాగితం ముందు కూర్చున్నాను. కూర్చున్నానని రాశానే గానీ, ఈ నాలుగు వాక్యాలకే రెండుసార్లు లేచి కిటికీ దగ్గరికి వెళ్లొచ్చాను.

అసలు గొడవంతా ఆ కిటికీలతోనే. సొంత ఇంట్లోకి వచ్చి మూడు వారాలైంది. మూడో అంతస్తు. ముందుగదికి మూడు పెద్ద కిటికీలు, మోకాలికి కొంచెం పైదాకా గట్టు, ఎదురుగా రోడ్డు. రోడ్డు అవతల కింద టైర్ల కొట్టు, పైన పళ్ల డాక్టరు గది. నేను కాఫీ తాగుతుంటే ఆయన ఎవరి నోట్లోనో చెయ్యి పెట్టి నా వైపు చూస్తుంటాడు. ప్రస్తుతానికి మధ్య కిటికీకి దుప్పటి, ఎడమదానికి పాత పేపర్లు, కుడిదానికి మీ బావ స్నానం తువ్వాలు. కర్టెన్లు కుట్టే ఇంట్లో పుట్టిన దాని కొంప ఇలా ఉందంటే నలుగురూ నవ్విపోరూ!

నేలదాకా దిగే కర్టెన్లు వేయాలా, గట్టు దగ్గర ఆగే బ్లైండ్లు పెట్టించాలా అన్నది తేలడం లేదు. అమ్మ నేలదాకానే అంటుంది. సగం కిటికీకి గుడ్డ కట్టడమంటే నిక్కరేసుకుని పెళ్లికెళ్లడమేనట. మీ బావ బ్లైండ్లంటారు. తాడు లాగితే పైకి, వదిలితే కిందికి, ఉతుకుడు లేదు, ఇస్త్రీ లేదు, ఇంకేం కావాలి అంటారు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు కదా, ఈ మాట మెట్ల మీద కనబడ్డ ప్రతివాళ్లకీ చెప్పి తన వైపు ఓట్లు కూడా పోగేశారు.

నాకు ఇద్దరి మాటా నిజమే అనిపిస్తుంది. అమ్మకు ఆసుపత్రిలో నాలుగు రబ్బరు కాళ్ల చేతికర్ర ఇచ్చారు. వేలాడే దుప్పటికే అది రెండుసార్లు తగులుకుంది. నేలదాకా గుడ్డ వేస్తే ఏమవుతుందోనని భయం. పోనీ బ్లైండ్లే అనుకుంటే, గట్టు కింద బోసిగోడ చూసినప్పుడల్లా ఏదో చెప్పులేసుకోవడం మర్చిపోయినట్టుంటుంది. పొద్దున నేలదాకా అనుకుంటాను, మధ్యాహ్నానికి గట్టుదాకా అనుకుంటాను, సాయంత్రానికి అసలు కిటికీలెందుకు కట్టారా అనుకుంటాను. కాలు కాలిన పిల్లిలా గదంతా తిరుగుతున్నాను.

నిన్న గుడ్డ చూద్దామని మన కొట్టుకు ఎప్పుడూ గుడ్డ ఇచ్చే బట్టల కొట్టాయన దగ్గరికి వెళ్లాను. ఆయన చెప్పింది విన్నప్పటి నుంచీ మనసు మనసులో లేదు. కొత్తగా తెరిచిన కర్టెన్ల షోరూము వాళ్లు ఇళ్లకు వెళ్లి కొలతలు తీసే మనిషి కోసం చూస్తుంటే ఆయన నీ సంగతి చెప్పాడటగా. నువ్వు కాదన్నావట. నా కొలత మీద నాకే నమ్మకం లేదండీ, ఇంకొకరి ఇల్లు పాడుచేయలేను అన్నావట. ఆయన ఊరుకోకుండా ఇరవై అయిదో తేదీ దాకా ఆ పని ఎవరికీ ఇవ్వొద్దని వాళ్లను బతిమాలి ఒప్పించాడు. లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే చేతులటే అవి? నిచ్చెన ఎక్కకముందే కిటికీని కంటితో చూసి అంగుళాలు చెప్పేదానివి, తర్వాత టేపు పెట్టి చూస్తే అదే ఉండేది.

అమ్మ టేపు ఇంకా భద్రంగా ఉంది. నాలుగేళ్లప్పుడు నీ బొమ్మకు నడుముపట్టీ కావాలని మొదటి నాలుగంగుళాలూ కత్తిరించేశావే, అదే టేపు. కొత్తది కొనకుండా అమ్మ ఇరవై ఏళ్లు దాంతోనే నెట్టుకొచ్చింది. వచ్చిన అంకెలోంచి నాలుగు తీసెయ్, అంతే. మన పనిలో చేరిన వాళ్లకు సూదిలో దారం ఎక్కించడం కన్నా ముందు నేర్పింది ఆ మాటే.

ఒక్క పూట వచ్చి ఈ మూడు కిటికీలూ కొలిచి వెళ్లు. నేలదాకానో గట్టుదాకానో నువ్వే తేల్చు. ఇరవై అయిదులోపు వస్తే మరీ మంచిది.

ప్రేమతో,
అక్క


మంగళవారం, పద్నాలుగో తేదీ

చెల్లికి,

దీవెనలన్నీ పోయిన ఉత్తరంలోవే ఇంకా మిగిలి ఉన్నాయి, అవే తీసుకో.

నీ జవాబు అందింది. లాండ్రీ రసీదు వెనక అయిదు లైన్లు. అక్కా, నేలదాకా వద్దు, అమ్మ కర్రకు తగులుకుంటుంది, బ్లైండ్లే పెట్టించు, కొలతలకు షాపు మనిషిని పిలువు, నన్ను అడక్కు అని రాశావు. పొడిపొడిగా రాసినా, అమ్మ కర్ర గురించి ఆలోచించావు. ఆ లైను అమ్మకు చదివి వినిపించాను. అమ్మ కర్రను ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంది.

నిన్ను అడగొద్దన్నావు గానీ, అడగకుండా ఉండలేకపోతున్నాను. ఆరేళ్ల కిందటి ఆ అతిథి గృహం సంగతే కదా నీ మనసులో ఉన్నది? మనింట్లో దాన్ని గురించి ఎవరూ మాట్లాడరు. మాట్లాడకపోతే పోయేదైతే ఈపాటికి పోవాలి.

ముప్పై రెండు కిటికీలు. మన కొట్టుకు అంత పెద్ద పని ఎప్పుడూ రాలేదు. నువ్వు నిచ్చెనెక్కి టేపు పట్టుకుని అంకె చెప్పావు, నేను కింద నిలబడి పుస్తకంలో రాశాను, తర్వాత ఆ పుస్తకం చూసి నువ్వే గుడ్డ కోశావు. అమ్మ పెట్టిన పద్ధతి నీకు గుర్తుండే ఉంటుంది. చెప్పేవాళ్లు టేపు చూపించిందే చెప్పాలి, రాసేవాళ్లు విన్నదే రాయాలి, నాలుగు తీసెయ్యడం కోసేవాళ్ల పని, మధ్యలో ఎవరూ తెలివి చూపించకూడదు. ఆ పద్ధతి ప్రకారమే చేశాం. తీరా తగిలించి చూస్తే ముప్పై రెండు కర్టెన్లూ నేలకు నాలుగంగుళాలు పైన వేలాడుతున్నాయి. అంచు మడత విప్పుదామంటే ఆ గుడ్డకు సూది గుచ్చిన గీత పోదు. రాడ్లు దించుకుందామంటే ఆ యజమాని కొత్త గోడలకు ఇంకో చిల్లు పెట్టనివ్వనన్నాడు. మొత్తం మూటలు కట్టించి వెనక్కి పంపేశాడు.

నేను ఒక్కసారే నాలుగు తీశానమ్మా అని నువ్వు అంటూనే ఉన్నావు. అయితే కొలవడమైనా తప్పాలి, తీసెయ్యడమైనా తప్పాలి, రెండూ నీ చేతివే కదా అంది అమ్మ. చేతిమీద పట్టులేనివాళ్లు కత్తెర ముట్టకూడదు అని కూడా అంది. నువ్వు కత్తెర బల్లమీద పెట్టి చెప్పులేసుకున్నావు. ఆ తర్వాత ఏడాది తిరక్కుండా అమ్మ కొట్టు మూసేసింది. ఆ రోజు ఎక్కడ ఏం జరిగిందో ఇప్పుడు ఎవరు చెప్పగలరు? మనుషులన్నాక పొరపాట్లు జరుగుతాయి. ఒక్క రోజు తప్పితే జన్మంతా తప్పినట్టా?

నిన్న భోజనాల దగ్గర ఇంకాస్త గట్టిగానే అన్నాను. చిన్నదాని కొలతలో ఏనాడూ తేడా రాలేదు, షోరూము వాళ్లు అదృష్టవంతులు అన్నాను. ఎవరూ ఏమీ అనకముందే ఎందుకు ఆయాసపడతావు, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటున్నావేంటి అని మీ బావ నవ్వారు. అమ్మ నవ్వలేదు. నేను మజ్జిగ తెచ్చే నెపంతో లేచాను.

సరే, నీ మాట ప్రకారం బ్లైండ్లకే తలొగ్గాం. షాపు మనిషి ఎందుకు, డబ్బు దండగ అని మీ బావ తన స్టీలు టేపు తీశారు. బల్లెక్కి ఆయన రాడ్డు నుంచి గట్టుదాకా కొలిచి అంకె చెప్పారు, నేను కాగితం మీద రాశాను. మూడు కిటికీలదీ ఒకటే కొలత. అమ్మ కుర్చీలో కూర్చుని చూస్తూ ఉంది. ఆ కాగితం షాపులో ఇచ్చి వచ్చారు. శనివారం తెచ్చి బిగిస్తారట.

ఇంత తేలిగ్గా తేలిపోయాక నాకు హాయిగా ఉండాలి కదా. లేదు. ఆ గదిలోకి వెళ్తే వంటింట్లో పనుందనిపిస్తుంది, వంటింట్లోకి వస్తే ఆ గదిలో ఏదో మర్చిపోయాననిపిస్తుంది. నిన్న మళ్లీ కొట్టాయన దగ్గరికి వెళ్లి షోరూము పని ఇంకా ఉందా అని అడిగాను. ఉందమ్మా, మీ చెల్లెలు ఊ అంటే చాలు అన్నాడు. ఇంకా పదకొండు రోజులుంది. నువ్వు రా. కిటికీలు కొలవడానికి కాకపోతే కాఫీకి రా.

అక్క


ఆదివారం, పందొమ్మిదో తేదీ

చెల్లీ,

నిన్న బ్లైండ్లు వచ్చాయి. మంచి రంగు, మబ్బురంగు. తాడు లాగితే మీ బావ చెప్పినట్టే పైకి వెళ్తున్నాయి, వదిలితే దిగుతున్నాయి. దిగి, గట్టుకు నాలుగంగుళాలు పైన ఆగిపోతున్నాయి.

మూడూ అంతే. పొద్దునపూట ఆ సందులోంచి మూడు వెలుతురు పట్టీలు గదిలోకి వచ్చి నేలమీద పడుకుంటున్నాయి. పళ్ల డాక్టరుకు ఇప్పుడు నా మొహం కనబడదు, కాఫీ కప్పు మాత్రం కనబడుతుంది. షాపువాళ్లే తప్పుగా కోసి ఉంటారు, ఆ గుంపులో ఎవడు చూసి కోస్తాడు అని నేను అన్నాను. మీ బావ గొడవ పెట్టుకోవడానికి చొక్కా కూడా వేసుకున్నారు. మా దగ్గర కాగితం ఉంది, మీరు రాసిచ్చినట్టే కోశాం అని వాళ్లు ఫోనులోనే చెప్పేసరికి చొక్కా విప్పేశారు. కోసినవి వెనక్కి తీసుకోరట.

అమ్మ నిన్న మధ్యాహ్నం నుంచి నాతో మాట్లాడలేదు. కుర్చీని కిటికీకి ఎదురుగా జరిపించుకుని ఆ వెలుతురు వైపే చూస్తూ కూర్చుంది. ఉన్న వస్తువులన్నీ ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చి, మళ్లీ పాత చోటికే చేర్చాను. ఇక రాయడానికేమీ లేదు. ఇరవై అయిదు శనివారమే. ఆలోచించుకో.

నీ అక్క


తా.క. రాయడానికేమీ లేదన్నాను కదా, అది అబద్ధం. సంతకం పెట్టాక కవరు అతికించబోయి ఆగిపోయాను. అసలు ఉత్తరం ఇదే, చెల్లీ. పైన రాసినవన్నీ దీన్ని రాయకుండా తప్పించుకోవడానికి రాసినవి.

బ్లైండ్ల తప్పు షాపువాళ్లది కాదు, నాది. మీ బావ బల్లమీద నుంచి అరవై నాలుగు అన్నారు. నేను అరవై అని రాశాను. అది నిండు టేపు, తీసెయ్యడానికి అందులో ఏమీ లేదు. అయినా చెవిలో అంకె పడగానే నా చెయ్యి దానంతటదే నాలుగు తీసేసి రాసింది. నువ్వు వెళ్లాక అమ్మ టేపుతో ఒక్కదాన్నే కొలుచుకుని ఒక్కదాన్నే రాసుకుంటూ వచ్చాక నాకు అబ్బిన అలవాటు అది. పక్కనే కుర్చీలో ఉన్న అమ్మ అరవై నాలుగు అని చెవులారా వింది. నిన్న ఆ సందు చూసి, నాలుగు వేళ్లూ అడ్డంగా పెట్టి కొలిచింది. షాపువాళ్లు ఫోను స్పీకరులో అరవై అని చదువుతుంటే అదీ వింది. తను చెప్పిన అంకె గుర్తులేని మీ బావ లోపలికి వెళ్లాక నా వైపు తిరిగి, రాసేటప్పుడే తీసేస్తావా నువ్వు అని అడిగింది. ఇంకేమీ అడగలేదు.

అప్పుడూ అంతే చేశాను. అతిథి గృహంలో నువ్వు మొదటి కిటికీకి తొంభై ఆరు అన్నావు, నేను తొంభై ఆరే రాశాను. ఇంతలో మీ బావ గేటు దగ్గర స్కూటరు మీద కనబడ్డారు. ఇంకా పెళ్లి కాలేదు, సినిమా టిక్కెట్లు తెచ్చారు. పని త్వరగా తేలాలని, నీకు తీసివేతల బాధ తప్పించి తర్వాత చెబుదామని, తొంభై ఆరు కొట్టేసి తొంభై రెండు వేశాను. మిగతా ముప్పై ఒకటీ తీసేసే రాశాను. పుస్తకం నీ బల్లమీద పడేసి పరిగెత్తాను. చెప్పడం మర్చిపోయాను. నువ్వు పద్ధతి ప్రకారం ఇంకో నాలుగు తీశావు. నువ్వు నిజంగానే ఒక్కసారే తీశావు. మొదటిసారి తీసింది నేను.

మూటలు వెనక్కి వచ్చిన రోజే నాకు తెలిసిపోయింది. పుస్తకం తెరవగానే ఆ కొట్టివేత కనబడింది. అమ్మ నిన్ను అడుగుతోంది, నువ్వు ఏడుస్తున్నావు, నేను గుమ్మంలో నిలబడి నువ్వు చెప్పిందే రాశాను అన్నాను. రేపు చెబుదాం, కోపాలు చల్లారాక చెబుదాం అనుకున్నాను. ఆ రేపు ఆరేళ్లు సాగింది. ఆ రోజు చూసిన సినిమా ఏమిటో కూడా ఇప్పుడు గుర్తులేదు. నీ చేతుల మీద నీకు నమ్మకం పోయేలా చేసింది నేనే. నాకు సిగ్గుగా ఉంది. క్షమించమని అడగడానికి కూడా నోరు రావడం లేదు, అందుకే ఇన్ని కాగితాలు ఖర్చు చేశాను.

ఆ పేజీ చింపాను గానీ పారేయలేకపోయాను. సూదుల డబ్బా అడుగున ఇన్నాళ్లూ ఉంది. ఈ కవరులో పెడుతున్నాను. మొదటి లైనులో తొంభై ఆరు కొట్టేసి ఉంది చూడు, ఆ కొట్టివేత నా చేతిదని నీకు తెలుస్తుంది. దాన్ని షోరూము వాళ్లకు చూపించినా సరే, గోడకు అంటించినా సరే. నీ కొలత ఆ రోజు కూడా తప్పలేదు.

ఈ పొద్దున అమ్మకు మొత్తం చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. కర్ర రబ్బరు కాళ్లకేసి చూస్తూ, చిన్నదాన్ని కత్తెర ముట్టొద్దన్నది నేను కదే అంది. తర్వాత మంచం కింద పెట్టె లాగమంది. ఆ ముప్పై రెండు కర్టెన్లూ అందులోనే ఉన్నాయి, నీకు తెలుసా? ఒక్కటి కూడా అమ్మలేదు, ఎవరికీ ఇవ్వలేదు. నీ కుట్టు మీద ఒక్క పోగు లేవలేదు. మా గోడకున్న రాడ్డు నేల నుంచి తొంభై రెండు అంగుళాలు. కర్టెను ఎనభై ఎనిమిది. గుడ్డ పొట్టిదైనప్పుడు రాడ్డే కిందికి దిగాలి, ఈ గోడకు ఎన్ని చిల్లులైనా పెట్టుకోవచ్చు, మనదే అంది అమ్మ. తన కర్ర సంగతి తను చూసుకుంటుందట, కిటికీకీ కుర్చీకీ మధ్య దారి వదిలితే చాలట. బ్లైండ్లు మీ బావ స్నానాల గదికి పెట్టుకుంటారట.

కాబట్టి నేలదాకానే, నీ కర్టెన్లే. చిల్లు ఎక్కడ పెట్టాలో పెన్సిలు గీత పెట్టడానికి నువ్వు రావాలి. అమ్మ తన టేపు నీకే ఇమ్మంది, అదీ కవరులో ఉంది, వచ్చేటప్పుడు తెచ్చుకో. నువ్వు బల్లెక్కి అంకె చెప్పు, బల్ల కదలకుండా నేను పట్టుకుంటాను. రాసేది మాత్రం నేను కాదు. అమ్మ రాస్తానంది.